తెర మీద మా వాడకట్టు ఎక్కడ?

సింగరేణి క్వార్టర్లలో ఆదివారం సాయంత్రం తీరు వేరు. ప్లేడే డ్యూటీ పడినవాళ్ళు తప్ప మిగిలినవాళ్ళంతా ఇంటిపట్టునే ఉంటారు. గోదావరిఖనిలోని మా లైనులో నాలుగిళ్ళవాళ్ళం ఆ పూట ఒక ఇంట చేరి సినిమా చూడడం రెండు మూడేళ్ళుగా అలవాటు చేసుకున్నాము. మూడు ముస్లిం కుటుంబాలు. నాలుగోది మా దాదాతో పాతికేళ్ళు ఒకే బాయిలో టింబర్‌మన్‌గా పనిచేసి దిగిపోయిన పెద్దాయన కుటుంబం. ఆయనను మేమంతా కాకా అంటాము. చాయ్ ఒక ఇంటిది, మిర్చి బజ్జీలు మరొక ఇంటివి, ఏ సినిమా పెట్టాలన్న తగవు అందరిదీ. పెద్ద సినిమా వస్తే థియేటరుకు పోతాము. లేకపోతే టీవీయే మా థియేటరు.

సినిమా జోలికే పోని కుటుంబాలు మా లైనులోనూ ఉన్నాయి. అది వారి నియమం, దాన్ని గౌరవిస్తాము. అయితే ఒక్క మాట వారికి విన్నవించక తప్పదు. మనం సినిమా వైపు చూడకపోయినా సినిమా మన వైపు చూస్తూనే ఉంది. మన గడ్డం, మన బురఖా, మన వీధి, మన భాష అన్నీ తెర మీదకు ఎక్కుతూనే ఉన్నాయి. వాటిని చూసి వచ్చిన మనిషి మరునాడు బస్సులో మన పక్కనే కూర్చుంటాడు. అందుచేత ఈ మధ్య మేము చూసిన కొన్ని సినిమాల గురించి మాకు తోచిన మాటలు ఈ పత్రిక పాఠకులతో పంచుకోవాలనిపించింది. మేము విమర్శకులము కాము. బొగ్గుబాయి పక్కన బతుకుతున్న ముస్లిం కుటుంబాలము, అంతే.

మా ఊరి సినిమాతోనే మొదలుపెడతాము. 2023 మార్చి చివర ‘దసరా’ వచ్చినప్పుడు ఇక్కడి సందడి చెప్పతరం కాదు. దర్శకుడు శ్రీకాంత్ ఓదెలకు అది తొలి చిత్రం. గోదావరిఖని ప్రాంతపు సింగరేణి పల్లె, కదులుతున్న గూడ్సు బండి ఎక్కి బొగ్గు దొంగిలించే కుర్రాళ్ళు, ఒంటినిండా మసి, నోటినిండా మన యాస. నాని చేసిన ధరణి పాత్ర నడకలో మా పిల్లలకు ఎవరెవరో గుర్తొచ్చారు. వీర్లపల్లిలోని సిల్క్ బారు చుట్టూ అల్లిన కులపు గీతలను చూపించిన పద్ధతి మాకు నచ్చింది. ఎవరు లోపల కూర్చోవచ్చు, ఎవరు గడప బయటే ఆగాలి అన్నది ఉపన్యాసం లేకుండా అర్థమవుతుంది. తాగుడు ఇళ్ళను ఎట్లా గుల్ల చేస్తుందో తెలిసిన ఊరు మాది కాబట్టి ఆడవాళ్ళ దుఃఖం దగ్గర మా అమ్మీ టీవీ ముందు నుంచి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చివరి అరగంట రక్తపాతం గురించి మాలో మాకు పడలేదు. పడుచువాళ్ళు చప్పట్లు కొట్టారు, పెద్దవాళ్ళు తల తిప్పుకున్నారు. దాన్ని పక్కన పెడదాము. సినిమా అయ్యాక మా ఇంటి ఆడపిల్ల ఒకతె అడిగిన ప్రశ్న మాత్రం మమ్మల్ని వదలలేదు. డిగ్రీ చదువుతోంది, మాటకు వెరవదు. “గింత మంచిగ మన దిక్కు సూపిచ్చిండ్రు గదా, మరి మనమేడున్నం?” అన్నది. నిజమే. ధరణి, సూరి, వెన్నెల, చిన్న నంబి, శివన్న, రాజన్న. కథను మోసే మనుషుల్లో ఒక్క ముస్లిం పేరు లేదు. దర్శకుడి మీద నింద వేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆయన తనకు తెలిసిన పల్లె కథ చెప్పారు. కాని బొగ్గు ప్రాంతపు ఏ వాడకట్టులోనైనా నాలుగు గడపలు దాటితే ఒక సాయబు ఇల్లు తగులుతుంది. కోల్‌ఫిల్లరుగా తట్టా చెమ్మసు పట్టినవాడు, ఫిట్టరు, షాట్‌ఫైరరు, బాయి గేటు ముందు పంక్చర్లు అతికేవాడు, చౌరస్తాలో ఇరానీ చాయ్ కాచేవాడు, పీర్ల పండుగకు పీరునెత్తుకునే ముజావరు. ఇంతమంది ఉన్న ఊరిని తెర మీదికి ఎక్కించినప్పుడు అందరూ ఒక్కసారే ఎట్లా జారిపోయారో ఆలోచించవలసిన విషయమే.

తరువాత చూసింది అక్షయ్ కుమార్ నటించిన ‘మిషన్ రాణిగంజ్’. 1989 నవంబరులో పశ్చిమ బెంగాల్ రాణిగంజ్ ప్రాంతంలోని మహావీర్ కోలియరీలోకి నీరు ముంచెత్తినప్పుడు లోపల చిక్కుకున్న 65 మంది కార్మికులను ఇంజనీరు జస్వంత్ సింగ్ గిల్ పై నుంచి బోరు వేయించి, ఉక్కు క్యాప్సూలులో ఒక్కొక్కరినీ బయటికి తీసిన నిజమైన ఉదంతం అది. ఆరుగురు దక్కలేదు. సినిమాగా చూస్తే పాటలూ పొగడ్తలూ ఎక్కువే. కాని మా దాదా, కాకా ఇద్దరూ కదలకుండా చూశారు, మధ్యమధ్య తప్పులు కూడా పట్టారు. బాయి లోపల అంత వెలుతురు ఉండదట. ఎదుటి మనిషి ముఖం అసలు కనబడదట. టోపీ మీది లైటు ఊగే తీరునుబట్టి, దగ్గునుబట్టి వచ్చేది ఎవరో పోల్చుకుంటారట. కట్టె దిమ్మె విరిగే ముందు పలుకుతుందని, కప్పును గడ్డపారతో కొట్టి చప్పుడు విని డొల్లను కనిపెడతారని, ఇవేవీ సినిమావాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదని కాకా నొచ్చుకున్నాడు. 1979 నాటి ‘కాలా పత్థర్’ను వయసులో ఉండగా థియేటరులో చూసిన సంగతి దాదా ఎత్తుకున్నాడు. 1975 డిసెంబరులో ధన్‌బాద్ దగ్గరి చాస్‌నాలా గని మునిగి 370 మందికి పైగా చనిపోయిన ప్రమాదం నీడ ఆ సినిమా మీద ఉంది.

నీళ్ళు లోపలికి దూసుకొచ్చే దృశ్యం దగ్గర గదిలో ఎవరూ మాట్లాడలేదు. మా దగ్గర జీడీకే 7 ఎల్‌ఈపీ గనిలోకి 2003 జూన్‌లో నీరు చొచ్చుకువచ్చి 17 మంది ప్రాణాలు పోయాయి. అదే ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో కప్పు కూలి మరో పది మంది పోయారు. ఇరవై ఏళ్ళు దాటినా ఆ సైరను మోత గుర్తున్నవాళ్ళు మా లైనులో ఇంకా ఉన్నారు. ఆ రోజుల మీద తెలుగులో ఒక సినిమా రాలేదు. రాణిగంజ్ కథ హిందీలో వచ్చి, మా ఇంటి టీవీలో మా గాయాన్ని కెలికి పోయింది. వింత అనిపిస్తుంది కాని ఇది ఫిర్యాదు కాదు. ఎవరి దుఃఖమైనా సరే, సరిగా చెప్పినప్పుడు అది మనదీ అవుతుందనడానికి ఆ రాత్రి దాదా తినకుండా పడుకోవడమే సాక్ష్యం.

ఆ మాటకొస్తే ‘బలగం’ అట్లాగే మమ్మల్ని పట్టుకున్నది. వేణు యెల్దండి తీసిన ఈ చిత్రం 2023 మార్చి మొదట్లో వచ్చింది. తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కూర్చుని చూసిన సినిమా ఇది. కొమురయ్య అనే ముసలాయన చనిపోతాడు. పిండం పెడితే పిట్ట ముట్టదు. ఎప్పుడో ఒక విందులో నల్లిబొక్క దగ్గర మొదలైన పంతం వల్ల అల్లుడూ బావమరిదీ ఇరవై ఏళ్ళు మాటలు మానుకున్నారు. ఆ ఎడబాటు తీరితే తప్ప ముసలాయన ఆత్మకు నెమ్మది లేదు. నల్లిబొక్క కోసం జరిగిన తగవు అనగానే మా ఇంట్లో పెళ్ళున నవ్వారు. ఏ దావతులో ఎవరి పళ్ళెంలోకి నల్లి పడలేదో, దాని మీద ఏ చాచా ఎవరి ఇంటి గడప తొక్కడం మానేశాడో చెప్పమంటే మా ఇంట్లోనూ రెండు మూడు కథలు దొరుకుతాయి.

మనకు పిండం లేదు, కాకి లేదు. జనాజా ఎత్తేముందు మరణించినవారి అప్పులు ఎవరికైనా ఉన్నాయా అని అడుగుతారు, తప్పొప్పులుంటే మాఫీ చేయమని వేడుకుంటారు. తరువాత అంతా మట్టి కిందికి పోతుంది. సినిమా ముగింపులో బుడగ జంగాల దంపతులు పాట పాడుతుంటే, ఆ ఆచారంతో మాకు సంబంధం లేకపోయినా అందరం కన్నీళ్ళు తుడుచుకున్నాము. అప్పుడే మా ఖాలా లోపలికి పోయి ఫోను తీసి, ఆస్తి పంపకం నాటి నుంచి మాట్లాడని తమ్ముడికి కలిపింది. ఏం మాట్లాడుకున్నారో మేము అడగలేదు. ఒక మతపు చావు తంతు మీద తీసిన సినిమా వేరొక మతంవాళ్ళ ఇంట్లో ఇంత పని చేయగలిగింది. మరి దీనికి తిరుగు దారి ఉందా? ఒక ముస్లిం ఇంటి మరణం మీద, ఒక జనాజా మీద ఇంత నిండైన తెలుగు సినిమా వస్తే కాకా ఇంటివాళ్ళు అట్లాగే కంటతడి పెట్టుకునే అవకాశం ఎవరు కల్పిస్తున్నారు?

ముస్లిం పాత్రలున్న తెలుగు సినిమాలు అసలే లేవని మేము అనము. 2022లో వచ్చిన ‘సీతారామం’ ఉంది. హను రాఘవపూడి దర్శకత్వం. సీతామహాలక్ష్మి పేరు చాటున దాగిన యువరాణి నూర్జహాన్, అనాథ అయిన లెఫ్టినెంట్ రామ్. రామ్ పాత్ర వేసింది దుల్కర్ సల్మాన్, నూర్జహాన్ పాత్ర వేసింది మృణాల్ ఠాకూర్. ఎవరి పాత్రలో ఎవరు ఒదిగారన్న లెక్క లేకుండా తెలుగు ప్రేక్షకుడు ఆదరించాడు. మా ఇంటి పిల్లలు దాన్ని మూడుసార్లు చూశారు. అందమైన సినిమా, సందేహం లేదు. కాని ఆ అందంలో ఒక పేచీ ఉంది. ముస్లిం ఆడది తెర మీద ప్రేమకు నోచుకోవాలంటే రాజభవనంలో పుట్టి ఉండాలా? ఇక ముస్లిం మగవాడైతే పాత సినిమాల కాలం నుంచీ నమూనాలు రెండే. దుండగుడైనా కావాలి, లేదా హీరో కోసం ప్రాణమిచ్చే రహీం చాచా అయినా కావాలి. ఆ చాచా మంచివాడే, ఎంతో మంచివాడు. కాని ఆయనకు సొంత ఇల్లుండదు, కరెంటు బిల్లుండదు, కూతురి ఫీజు గొడవ ఉండదు. ఆయన మాట్లాడే తెలుగు కూడా వంకర తెలుగే. ఇంట్లో దక్కనీ ఉర్దూ, గడప దాటితే నిఖార్సైన కరీంనగర్ తెలుగు మాట్లాడే మా తరాలకు ఆ వంకర మాటలు వింటే నవ్వు రాదు. మా పిల్లలు తెలుగు మీడియంలో చదివి తెలుగులో బహుమతులు తెచ్చుకుంటున్నారు. ఈ సంగతి సంభాషణలు రాసేవారికి ఎందుకు చేరలేదో!

ఇప్పుడు చెప్పక తప్పని సినిమా దగ్గరికి వస్తున్నాము. 2024 మార్చి 15న ‘రజాకార్’ విడుదలైంది. యాట సత్యనారాయణ దర్శకుడు, గూడూరు నారాయణరెడ్డి నిర్మాత. లోక్‌సభ ఎన్నికల ముందరి నెలలవి. ఆ సినిమా చూడాలా వద్దా అని మాలో మేము వారం రోజులు వాదించుకున్నాము. చూడకుండా మాట్లాడితే చెల్లదని కొందరు, డబ్బులు పెట్టి తిట్లు కొనుక్కోవడమెందుకని కొందరు. చివరకు మా వాళ్ళు ముగ్గురు వెళ్ళారు. వాళ్ళలో ఇంటర్ చదివే అబ్బాయి ఒకడు. ఏ ఊళ్ళో, ఏ థియేటరులో అన్నది ఇక్కడ అనవసరం.

రజాకార్ల దౌర్జన్యాలు కట్టుకథలని మేము ఎన్నడూ అనలేదు, అనబోము. ఊళ్ళు కాలిపోయాయి, మనుషులు చచ్చిపోయారు, స్త్రీలు చెరచబడ్డారు. తెలంగాణ పల్లె మరిచిపోని చరిత్ర అది. దాన్ని సినిమా తీసే హక్కు ఎవరికైనా ఉంది. మా అభ్యంతరం ఆ కథను ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపారు, మధ్యలో ఎవరిని ఎంతసేపు చూపించారు అన్న దగ్గర ఉన్నది. ఒక సంస్థ చేసిన ఘోరం ఒక మతం ముఖం మీద పులిమినట్టుగా కెమెరా నడిచిందని మాకు తోచింది. రజాకార్లను ఎదిరించి రాసినందుకే ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాదు నడివీధిలో చంపారు. నిజాం రాజ్యంలో కార్మిక సంఘాలు కట్టి, జైళ్ళకూ అజ్ఞాతవాసానికీ వెరవని మఖ్దూం మొహియుద్దీన్ ఎవరు? విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టులో గెలిచి, ఆ కారణానికే 1940లో హత్యకు గురైన షేక్ బందగీ ఎవరు? భూస్వామి ఏ మతమైనా రజాకారుకు చుట్టమయ్యాడు, రైతు ఏ మతమైనా శత్రువయ్యాడు. ఈ లెక్క తెర మీద కనబడితే ప్రేక్షకుడు థియేటరు నుంచి వేరే మనిషిగా బయటికి వచ్చేవాడు.

మరొకటి, సినిమా పోలీసు చర్య విజయంతో ముగుస్తుంది. 1948 సెప్టెంబరు 13న సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. ఆ తరువాతి కథ మాకు తెర మీద కనబడలేదు. భారత ప్రభుత్వమే పంపిన పండిత్ సుందర్‌లాల్ కమిటీ ఆ తరువాతి రోజుల్లో హైదరాబాదు రాజ్యమంతటా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయి ఉంటారని అంచనా వేసింది. వాళ్ళలో అత్యధికులు ముస్లిములు, రజాకార్లతో ఏ సంబంధమూ లేని పల్లె జనం. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ఒక దుఃఖానికి సమాధానంగా మరొక దుఃఖాన్ని ముందు పెట్టడం మా ఉద్దేశం కాదు. రెండూ ఈ నేల మీదే జరిగాయి కాబట్టి రెండూ ఈ నేల సినిమాలో పట్టాలంటున్నాము.

ఆ రోజు థియేటరులో జరిగింది క్లుప్తంగా చెబుతాము. ఇంటర్వెల్‌కు ముందే నినాదాలు మొదలయ్యాయి. లైట్లు వెలిగాక ముందు వరుసలోని కొందరు వెనక్కి తిరిగి గడ్డాలున్న ముఖాల కోసం వెతికారు. మా వాళ్ళు లేచి రాలేదు, పూర్తిగా చూసే వచ్చారు. ఎవరూ చేయి చేసుకోలేదు, ఆ మాట కూడా నిజాయితీగా చెప్పాలి. కాని ఇంటికి వచ్చాక ఆ అబ్బాయి అన్నం ముందు కూర్చుని అడిగిన మాట ఇది: “అబ్బా, మనం వాళ్ళమేనా?” వాడి ముత్తాత కౌలు రైతు. వాడి దాదా ముప్పై నాలుగేళ్ళు భూమి కింద బొగ్గు తవ్వాడు. వాడి తండ్రి డంపరు నడుపుతాడు. వీళ్ళలో ఎవరికి ఎవరితో చుట్టరికం ఉందని వాడికి చెప్పాలి? వాడికి జవాబిచ్చింది ఆఖరుకు కాకాయే. “ఒరేయ్, మీ తాత లైటు ఊగుడు సూసి నేను బాయిల తొవ్వ పట్టుకున్న. సిన్మా సూసి నిన్ను గుర్తు పట్టాల్నా?” అన్నాడు. అయితే ఆ వారం కాకా కొడుకు మా సాయంత్రపు కూర్పుకు రాలేదు. పని ఉందన్నాడు. నిజంగానే పని ఉండి ఉండవచ్చు. తరువాతి రెండు వారాలూ ఉన్నట్టుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తొస్తుంది. 1945లో సింగరేణి కంపెనీ వాటాలను కొని దాన్ని ప్రభుత్వ సంస్థగా చేసింది నిజాం ప్రభుత్వం. ఈనాడు అదే సంస్థ తెలంగాణ రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటాలతో నడుస్తోంది. దసరా ముందు లాభాల వాటా చేతికి వచ్చినప్పుడు ఈ చరిత్రను ఎవరూ తవ్వరు, తవ్వనక్కర లేదు కూడా. నిజాం నిరంకుశుడు, ఆయన్ను వెనకేసుకురావడం మా పని కాదు. కాని చరిత్ర ఒకే రంగులో ఉండదనడానికి మా జీతం చీటీ కంటే దగ్గరి ఉదాహరణ మాకు దొరకలేదు.

అదే కాలం మీద నలభై ఏళ్ళకు పూర్వమే తెలుగులో వచ్చిన సినిమా ఒకటుంది. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు ప్రభృతులు నిర్మించిన ‘మా భూమి’. అదే పేరుతో అంతకుముందే, 1947లో, సుంకర, వాసిరెడ్డి రాసిన నాటకానికి బందగీ గాథ ప్రేరణ. సినిమాకు ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’. పల్లె నుంచి పట్నానికి పారిపోయిన రామయ్యకు లోకం చూపించేవాడు మఖ్బూల్ అనే కమ్యూనిస్టు. అందులో దొరలున్నారు, రజాకార్లున్నారు, సైన్యమూ ఉంది. ఎవరి దుర్మార్గం వారిదే, ఎవరి మంచితనం వారిదే. ఉర్దూ నవల నుంచి బెంగాలీ దర్శకుడు తెలుగు రైతు కథ తీస్తే మొత్తం తెలంగాణ తన కథే అనుకున్నది. అప్పట్లో సాధ్యమైన పని ఇప్పుడు ఎందుకు కష్టమైందో, కారణాలు కళ వైపు కంటే ఓట్ల వైపు వెతకాలేమో!

దీని తరువాత మేము మలయాళ సినిమా ఒకటి పెట్టాము. ‘సుడాని ఫ్రమ్ నైజీరియా’, 2018 నాటిది, దర్శకుడు జకరియా. మలప్పురంలో సెవెన్స్ ఫుట్‌బాల్ జట్టు నడిపే మజీద్, అతని జట్టులో ఆడడానికి వచ్చి కాలు విరిగిన ఆఫ్రికా కుర్రాడు శామ్యూల్. ఆ కుర్రాణ్ణి ఇంట్లో పెట్టుకుని సాకే తల్లి జమీలా, ఆమె స్నేహితురాలు బీయుమ్మా. భాష రాకుండానే ఆ ఇద్దరు ముసలమ్మలు ఆ పిల్లవాడితో కబుర్లాడతారు. బాంబు లేదు, దేశభక్తి పరీక్ష లేదు, త్యాగమూర్తి లేడు. నమాజు ఉంది, బిర్యానీ ఉంది, మారుతండ్రిని ఒప్పుకోలేని కొడుకు మొండితనం ఉంది. మజీద్ తల్లి రెండో భర్త ఇంటికి రావడానికి బిడియపడుతూ నిలబడే తీరు చూసి మా ఇంటి మగవాళ్ళ గొంతు పట్టేసింది. సబ్‌టైటిళ్ళు చదవలేని మా దాదీ కథ మొత్తం అర్థం చేసుకుని, ఆ నల్లపిల్లవాడు క్షేమంగా ఇంటికి చేరాడా లేదా అని పదే పదే అడిగింది. కేరళ వాళ్ళకు ఇది ఎట్లా కుదిరిందంటే జవాబు సులువు. మలప్పురం ముస్లిములే కెమెరా వెనక నిలబడ్డారు. తమ వీధిని తాము చూపించారు.

ఈ చలికాలంలో చూసిన ఆఖరి సినిమా నీరజ్ ఘైవాన్ తీసిన ‘హోమ్‌బౌండ్’. 2025 సెప్టెంబరులో విడుదలై, ఆస్కార్ పోటీకి భారతదేశం తరఫున వెళ్ళింది. పాత్రికేయుడు బషారత్ పీర్ 2020లో రాసిన ఒక యథార్థ కథనం దీనికి మూలం. షోయబ్, చందన్ అనే ఇద్దరు పల్లె మిత్రులు. ఒకడు ముస్లిం, మరొకడు దళితుడు. కానిస్టేబులు పరీక్ష రాస్తారు, ఎందుకంటే ఒంటి మీద యూనిఫారం ఉంటే పేరు అడిగేవాడు ఉండడని వారి ఆశ. ఆ ఆశను మా ఊరి కంటే బాగా ఎవరు అర్థం చేసుకుంటారు? భూగర్భ గనులు ఒక్కొక్కటే మూతపడి ఓపెన్‌కాస్టులు వస్తున్నాయి. ఓపెన్‌కాస్టుకు పెద్ద యంత్రాలు కావాలి, ఎక్కువ మనుషులు అక్కర్లేదు. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం అన్న భరోసా మీద ఒక తరం పెరిగింది. ఇప్పుడు అదీ అందరికీ అందే దూరంలో లేదు. కాబట్టి మా పిల్లలు తెల్లవారుజామున గ్రౌండులో పరుగెత్తుతున్నారు, గ్రూప్ పరీక్షలకు, పోలీసు పరీక్షలకు కోచింగులకు పోతున్నారు. షోయబ్ పనిచేసే ఆఫీసులో భారత్-పాకిస్తాన్ మ్యాచ్ రోజు నవ్వుతూ నవ్వుతూనే అతన్ని కుళ్ళబొడిచే దృశ్యం ఉంది. మా ఇంట్లో ఉద్యోగం చేసే ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఊరుకున్నారు. లాక్‌డౌన్‌లో సూరత్ నుంచి ఇంటిదారి పట్టిన ఆ ఇద్దరిలో చందన్ దారిలోనే షోయబ్ చేతుల్లో ఒరిగిపోయినప్పుడు కాకా కొడుకు, అవును, ఈసారి అతను వచ్చాడు, లేచి బయటికి వెళ్ళి చాలాసేపు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మా ఇంటర్ అబ్బాయి వెళ్ళి పక్కన నిలబడ్డాడు. ఏమీ మాట్లాడుకున్నట్టు లేదు.

సర్టిఫికెట్లు ఇచ్చే సినిమా మాకు అక్కర్లేదు. ముస్లిం మంచివాడని తీర్పు చెప్పే సినిమా కూడా మమ్మల్ని బోనులో నిలబెట్టే తీస్తుంది. తప్పులున్న ముస్లిం కావాలి. ఇంట్లో కట్నం పేరుతో కూతుళ్ళను ఇబ్బంది పెట్టే మనవాళ్ళను, చదువుకుంటానన్న ఆడపిల్లకు అడ్డుపడే మనవాళ్ళను, కూడా చూపించండి. మేము తట్టుకుంటాము. ఆ కథ మన గడప లోపలి నుంచి పుట్టినదై ఉండాలి, అదొక్కటే మా షరతు.

సరుకు లేదనడానికి వీల్లేదు. తెలుగు సాహిత్యంలో ముస్లిం రచయితలు తమ బతుకును తామే రాసుకోవడం మొదలై మూడు దశాబ్దాలు కావస్తోంది. స్కైబాబ సంపాదకత్వంలో ‘జల్‌జలా’ కవితలు, ‘వతన్’ కథలు వచ్చాయి. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ చదివి నవ్వని, ఏడవని తెలుగువాడు అరుదు. వీటిలో ఏ పుట తిప్పినా ఒక సినిమా తగులుతుంది. అయినా తెర ఇంకా రహీం చాచా దగ్గరే ఆగింది. నిర్మాతలు ముందుకు రావడం లేదంటే అర్థం చేసుకోగలము. కాని మనం? పెళ్ళి విందుకు లక్షలు వెచ్చించే మన సమాజం, సినిమా చదువు చదువుతానన్న పిల్లకో పిల్లవాడికో ఫీజు కట్టడానికి చేయి ముందుకు చాపిందా? ఇంజనీరింగు అయితే సరే, సినిమా అయితే చెడిపోవడమే అని ముద్ర వేశాము. మన గురించి ఇతరులు తప్పుగా తీశారని ఫిర్యాదు చేసేటప్పుడు ఈ సంగతి కూడా పక్కన పెట్టుకోవాలి.

మొదట్లో ప్రశ్న అడిగిన ఆ డిగ్రీ పిల్ల ఇప్పుడు మరో పని పెట్టుకుంది. ఆదివారం మధ్యాహ్నాలు దాదానూ కాకానూ అరుగు మీద కూర్చోబెట్టి సెల్‌ఫోనులో వాళ్ళ మాటలు పడుతోంది. ల్యాంప్‌రూములో లైటు తీసుకోవడం, మస్టరు పడడం, రంజాను నెలలో రోజా ఉండి బాయి దిగిన రోజుల్లో ఇఫ్తారు వేళయిందని లోపల ఎట్లా తెలిసేది, అప్పుడు దాదా వంతు బరువు ఎవరు ఎత్తేవారు, ఇవీ ఆమె అడుగుతున్న ప్రశ్నలు. ఆరు గంటల పైచిలుకు రికార్డింగు అయిందట. దాన్ని ఏం చేస్తుందో ఆమెకే ఇంకా తెలియదు. వచ్చే ఆదివారానికి ‘మా భూమి’ పెడదామని అందరం ఒప్పుకున్నాము. ఈసారి బజ్జీలు మా ఇంటివి, చాయ్ కాకా వాళ్ళది.